పెదనాన్నకు సరిపోయే సిస్టమ్

గత చలికాలంలో అమ్మా తమ్ముడూ శంకర్ నగర్‌లోని అద్దె ఇల్లు ఖాళీ చేసి కొత్త ఫ్లాటులోకి మారుతుంటే, సాయానికి హైదరాబాదు నుంచి రాయ్‌పూర్ వెళ్ళాను. అటక మీది సామాను ఒక్కొక్కటే కిందికి అందిస్తుంటే, మూత పోయిన కుక్కరుకీ తాళంచెవి లేని సూట్‌కేసుకీ మధ్య జిప్పు ఉన్న నల్ల సంచి ఒకటి చేతికి తగిలింది. తెరిస్తే సీడీలు. ప్లాస్టిక్ కాగితాల మధ్య, ఆల్బంలో ఫోటోల్లాగా, ముప్ఫై ఒక్కటి. ప్రతిదాని మీదా నీలం మార్కరుతో నా చేతిరాత: పేరు, ఎన్నో వెర్షను, పక్కన ఒక మాట. "మాట్లాడుతుంది." "మాట్లాడదు." "గొంతు బాగుంది, మెనూ బాలేదు." "తెలుగు కనిపిస్తుంది, చదవదు." ఆ రోజుల్లో నాకు మార్కులు వేసేవాళ్ళు చాలామంది ఉండేవారు. నేను మార్కులు వేసింది వీటికే.

కింద నుంచి అమ్మ అడిగింది. "ఏటే అవి? పారీనా?"

"పెదనాన్నకి పెట్టినవమ్మా."

"అయితే పక్కనెట్టు" అంది అమ్మ. ఎందుకు పక్కన పెట్టాలో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా పెదనాన్న, అంటే నాన్నకు పెద్దన్నయ్య, రైల్వే ఆఫీసులో టైపిస్టుగా చేరి హెడ్ టైపిస్టు అయ్యాడు. అందుకని రైల్వే కాలనీలో ఆయన్ని అందరూ బడేబాబు, అంటే పెద్ద గుమాస్తా, అనేవారు. మా వాళ్ళది పార్వతీపురం దగ్గర ఊరు. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వచ్చే రైలుమార్గం వెంబడి మా వైపు నుంచి ఎన్ని కుటుంబాలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డాయో, వాళ్ళలో సగం మంది అర్జీలు ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. పెద్దమ్మ పెళ్ళయిన కొన్నేళ్ళకే పోయింది, పిల్లల్లేరు, ఆయన మాతోనే ఉండేవాడు. నాన్న వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. నాన్న ఇంటికొస్తే గ్రీసు వాసన, పెదనాన్న ఇంటికొస్తే కార్బన్ కాగితం వాసన. ఇద్దరూ వాడే సబ్బు ఒకటే అయినా ఆ వాసనలు మాత్రం కలిసేవి కావు. పెదనాన్న స్నానం చేసి, కొబ్బరినూనె రాసి పాపిడి తీసుకుని, తెల్ల బనీను మీద తువ్వాలు వేసుకుని వరండాలో కూర్చునేసరికి ఎవరో ఒకరు గేటు దగ్గర చెప్పులు విడిచేవారు. ట్రాన్స్‌ఫర్ కావాలని ఒకరు, క్వార్టరు పైకప్పు కారుతోందని ఒకరు, పిల్లవాడికి స్కూల్లో సీటు అని ఒకరు. వాళ్ళు తెలుగులో ఏడుస్తూ చెప్పిన దాన్ని ఆయన ఇంగ్లీషులో నాలుగు మర్యాదైన పేరాలుగా మార్చేవాడు. టైపు చేసేటప్పుడు కీల వైపు చూసేవాడు కాదు, చెబుతున్న మనిషి మొహం వైపే చూసేవాడు. అందుకే కాబోలు వాళ్ళు అంతసేపు చెప్పేవారు.

కళ్ళకు వచ్చింది నీటికాసులని, అంటే గ్లకోమా అని, డాక్టర్లు చెప్పేనాటికే ఆయనకు ఒక కన్ను పోయింది. రెండోది మెల్లగా, పక్కల నుంచి మూసుకుంటూ వచ్చింది. ఆఫీసువాళ్ళు ముందే ఇంటికి పంపారు. అయినా ఆయన టైపు ఆగలేదు. వేళ్ళకు కళ్ళతో పనేముంది అనేవాడు. ఒకరోజు గౌరమ్మ వచ్చింది. ఆమె భర్త గ్యాంగ్‌మన్, పోయి నెల కాలేదు. కూతురి పరీక్షలు అయ్యేదాకా క్వార్టరులో ఉండనివ్వమని అర్జీ రాయించుకుంది. పెదనాన్న పేజీ నిండా టైపు చేసి, మడిచి, కవరులో పెట్టి ఇచ్చాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అమ్మతో గుసగుసగా చెప్పింది.

"ఆపీసులో బాబు కాయితం ఇటు తిప్పీ అటు తిప్పీ నవ్వినాడమ్మా. ఏటీ లేదంట అందులో. ఒట్టి గుంటలే ఉన్నాయంట. బడేబాబుకి సెప్పకండమ్మా, పాపం."

రిబ్బను ఎప్పుడో ఎండిపోయింది. అక్షరాలు కాగితం మీద నొక్కుకున్నాయి తప్ప అచ్చు పడలేదు. గౌరమ్మకు చదువు రాదు, పెదనాన్నకు చూపు లేదు. ఇద్దరూ నమ్మకంగా ఆ తెల్ల కాగితాన్ని ఆఫీసుకు పంపారు. కళ్ళు పోయిన మనిషికి చెవులు ఎంత పదునెక్కుతాయో అమ్మకూ గౌరమ్మకూ అప్పటికి తెలియదు. వరండాలో ఉన్న ఆయన అంతా విన్నాడు. మరుసటి రోజు అమ్మను పాత దుప్పటి ఒకటి అడిగి, తడుముకుంటూ టైపు మెషీను మీద కప్పాడు. ఆ తర్వాత గేటు దగ్గర చెప్పుల చప్పుడైతే, లేచి లోపలికి వెళ్ళి మంచం మీద పడుకునేవాడు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన తొలి సంవత్సరాలవి. నేను డిగ్రీలో కంప్యూటర్ సైన్సు చదువుతున్నాను. శంకర్ నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నడిపే ధనేశ్ భయ్యా దగ్గర, ఏదో ఆఫీసువాళ్ళు మార్చేసిన పాత కంప్యూటర్ ఒకటి నాన్న నాకు కొనిచ్చాడు. ధనేశ్ భయ్యా ఊరు తిల్దా. అక్కడి రైసు మిల్లుల కంప్యూటర్లన్నీ ఆయనే చూసేవాడు. ఎప్పుడు చూసినా చొక్కా కాలరులో సన్నటి తవుడు ఉండేది. అందరి ఇళ్ళలో ఉండే విండోస్ దొంగ కాపీనే నా కంప్యూటర్లోనూ వేసిచ్చాడు. చూపు లేనివాళ్ళ కోసం తెరమీది అక్షరాలు పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఉంటుందని నేను ఎక్కడో చదివి అడిగితే, దాని ధర కనుక్కుని చెప్పాడు. ఆ ధరకు అలాంటి కంప్యూటర్లు రెండు వస్తాయి. నా మొహం చూసి, బల్ల సొరుగులోంచి ఒక సీడీ తీశాడు. "ఇది తీసుకెళ్ళు. లినక్స్, విండోస్ బదులు వేసుకునేది. ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఇందులో మాట్లాడేది కూడా ఉందంటున్నారు. నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు హిందీలో.

రెండు ఆదివారాలు పట్టింది నాకు. రెండో ఆదివారం, అమ్మ పప్పులో ఇంగువ పోపు వేస్తుండగా, స్పీకరులోంచి ముక్కుతో మాట్లాడే మగగొంతు ఒకటి గబగబా ఏదో అంది. పెదనాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"ఎవరొచ్చీసారే?"

"ఎవరూ లేరు పెదనాన్నా. కంప్యూటరు. రండి."

చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. కీల మీద వేళ్ళు పెట్టగానే ఆయన భుజాలు మారాయి. టైపిస్టు భుజాలు అవి, నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఒక కీ నొక్కాడు. గొంతు ఆ అక్షరం పలికింది. ఇంకోటి. పలికింది. తర్వాత ఒక్క ఊపున ఒక వాక్యం కొట్టాడు. ఆయన సర్వీసంతా ప్రతి అర్జీకీ మొదటి వాక్యం అదే, వినయపూర్వకంగా మనవి చేయునది ఏమనగా అనే అర్థం వచ్చేది. నేను చూపించిన కీ నొక్కితే ఆ గొంతు మొత్తం చదివింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాను కొట్టింది నాకు వినపడతందే అమ్మలూ" అన్నాడు.

ఆ గొంతుకు ఇంట్లో దొర అని పేరు పడింది. అది ఇంగ్లీషు తప్ప మరొకటి ఎరగదు, అదీ జలుబు చేసినవాడిలా. కానీ పెదనాన్నకు దానితో పని కుదిరింది. మూడు నెలలు పట్టింది. నేను కాలేజీ నుంచి వచ్చి, టీ తాగి, ఆయన పక్కన వెదురు పీట, మోడా, వేసుకుని కూర్చునేదాన్ని. తెర ఆయనకు లేదు కాబట్టి అంతా లెక్కే. మెనూ తెరిచి కిందికి రెండుసార్లు, కుడికి ఒకసారి, మళ్ళీ కిందికి మూడుసార్లు వెళ్ళి ఎంటరు నొక్కితే రాసే పేజీ వస్తుంది. దాచడానికి ఒక జత కీలు, ప్రింటుకు ఒక జత. ఆయన పొద్దున్నే పళ్ళు తోముకుంటూ కూడా అదే వల్లెవేసేవాడు. "కిందికి దో, దాయా ఏక్, కిందికి తీన్" అని. కుడిచేతి వేలు గాలిలో కదిలేది. అమ్మ నవ్వేది. మూడో నెల ఆఖరుకు నా సాయం లేకుండా ఒక పేజీ టైపు చేసి, విని, రెండు తప్పులు పట్టుకుని దిద్ది, ధనేశ్ భయ్యా అరువిచ్చిన పాత ప్రింటరులో అచ్చు తీశాడు. ఆ కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. "సిరా ఉంది" అన్నాడు. గేటు దగ్గర మళ్ళీ చెప్పులు చేరాయి. ఆయన మళ్ళీ పొద్దున్నే పాపిడి తీయించుకోవడం మొదలుపెట్టాడు.

అక్కడితో ఆపి ఉంటే ఈ రాత రాసేదాన్ని కాను.

ఒక సాయంత్రం ఆయన పార్వతీపురంలో ఉన్న చెల్లెలికి, అంటే మా అత్తకు, ఉత్తరం రాయబోయాడు. అందులో తెలుగు లేదు కాబట్టి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. చదవమంటే దొర "నేను బాగున్నాను, నువ్వు ఎలా ఉన్నావు" అన్నదాన్ని ఎంత ఘోరంగా పలికాడంటే, నాన్న తింటున్న అటుకులు ముక్కులోకి పోయాయి. తమ్ముడు నేలమీద దొర్లాడు. పెదనాన్న కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వి, "ఇదే తెలుగు చదివీసిందనుకో, ఇంక నాకేటి కావాలి" అన్నాడు. నోటికొచ్చిన మాట. ఇంకో గ్లాసు టీ ఉంటే బాగుండును అన్నంత తేలికైన మాట. నేను దాన్ని పట్టుకున్నాను.

ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు నేను సరైన సిస్టమ్ కోసం వెతికాను. లినక్స్ అనేది ఒకటి కాదు, వందల రకాలు. ఒక్కో గుంపు తమ అభిరుచి కొద్దీ ఒక్కోలా కూర్చుతారు. కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీలు, కాలేజీలో సీనియర్ల దగ్గర కాపీలు, ధనేశ్ భయ్యా ఎక్కడెక్కడి నుంచో తెప్పించేవి. కొన్ని పాత మెషీనులో తేలిగ్గా నడిచేవి, కొన్ని అందంగా ఉండేవి, కొన్నింట్లో తెలుగు అక్షరాలు తెరమీద ముత్యాల్లా కనిపించేవి. ఆ ముత్యాలు చూసే కళ్ళు ఆ కుర్చీలో కూర్చునే మనిషికి లేవన్న సంగతి, చెబితే నమ్మరు గానీ, నేను మరిచిపోయేదాన్ని. ఇంటర్నెట్‌లో ఇలా సిస్టమ్‌లు మార్చి చూసేవాళ్ళు కలుసుకునే చర్చావేదికలు ఉండేవి. అక్కడ నేను ఒక్కో సిస్టమ్ గురించి పొడుగ్గా రాసేదాన్ని. ఎక్కడో పరాయి ఊళ్ళలో ఉన్నవాళ్ళు నన్ను మెచ్చుకునేవారు. చూపు లేని మా పెదనాన్న కోసం అని మొదటి వాక్యంలో రాసేదాన్ని. మిగతా వాక్యాల్లో ఆయన ఉండేవాడు కాదు.

నెలకోసారి, ఒక్కోసారి రెండుసార్లు, ఆదివారం పొద్దున పాతది తుడిచి కొత్తది వేసేదాన్ని. కొత్తదాంట్లో రెండుసార్లు కిందికి వెళితే రాసే పేజీ వచ్చేది కాదు, ఇంకేదో వచ్చేది. దాచే కీలు మారేవి. దొర స్థానంలో ఆడగొంతు వచ్చేది, తర్వాత ఇంకో మగగొంతు. మెషీను తెరుచుకున్నప్పుడు వచ్చే చప్పుడు కూడా మారేది. ఆయన "కిందికి దో, దాయా ఏక్" అని నొక్కి, ఏదో తెలియనిచోట తేలి, వేళ్ళు గాలిలో ఆపి కూర్చునేవాడు. నేను పక్కన కూర్చుని మళ్ళీ మొదటి నుంచీ చెప్పేదాన్ని. మూడునాలుగు సాయంత్రాలు పట్టేది. ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "సర్లే, ఇంకోపాలి చెప్పమ్మలూ" అనేవాడు. ఆ మాటను నేను ఉత్సాహం అనుకున్నాను.

నాన్న ఒకసారి అన్నాడు. బూట్లు విప్పుతూ, నా వైపు చూడకుండా. "నా టూల్‌బాక్సు రోజూ ఎవడైనా సర్దీసి పెడితే నాను పని చెయ్యగలనేటే? పానా ఎక్కడుందో వెతుక్కోడంతోనే షిఫ్టు అయిపోద్ది."

"ఇది బాగుచేయడం నాన్నా. తెలుగు చదివేది దొరికితే ఇంక మార్చను."

ధనేశ్ భయ్యా కూడా చెప్పాడు. కొత్త సీడీ కోసం వెళితే ఇవ్వలేదు. కోపం వచ్చినప్పుడు ఆయన హిందీ వదిలి ఛత్తీస్‌గఢీలోకి దిగేవాడు. "చలత్ హే త ఝన్ ఛేడ్, బహినీ" అన్నాడు. నడుస్తున్నదాన్ని కెలక్కు చెల్లీ అని. తిల్దాలో ఒక మిల్లు గుమాస్తా పదేళ్ళ నాటి సిస్టమ్ మీదే ఇంకా కళ్ళు మూసుకుని పని చేస్తున్నాడని, దాన్ని ముట్టుకోవడానికి తనకే భయమని చెప్పాడు. నేను ఇంకో షాపుకు వెళ్ళి సీడీ తెచ్చుకున్నాను.

ఆ సీడీ వేసింది ఒక శనివారం పొద్దున. ఆ రోజు కాలేజీవాళ్ళం ఆరంగ్ వెళుతున్నాం, పాత గుళ్ళు చూసి, మహానదిలో కాళ్ళు తడుపుకుని రావాలని. తమ్ముడు ఇంకా నిద్రపోతున్నాడని, గొంతు సరిగ్గా వస్తోందో లేదో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పరీక్షించాను. బాగానే వచ్చింది. బస్సు టైమైందని అమ్మ అరుస్తుంటే, కంప్యూటర్ ఆపేసి, పూరీలు మూట కట్టుకుని పరిగెత్తాను. పెదనాన్నకు వెళుతూ వెళుతూ చెప్పాను, "కొత్తది వేశాను, సాయంత్రం వచ్చి నేర్పుతాను" అని. "అలగేలే" అన్నాడు ఆయన.

గౌరమ్మ ఆ రోజే వచ్చింది. తండ్రి సర్వీసులో పోయాడు కాబట్టి కూతురికి ఉద్యోగం ఇవ్వమని అర్జీ పెట్టాలి. సోమవారం ఆఖరు రోజు. ఆ తెల్లకాగితం సంగతి తర్వాత ఆమె మా గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. పెదనాన్నే రెండుసార్లు కబురు చేసి పిలిపించాడని నాకు తర్వాత తెలిసింది. ఆమెకు ఒక మంచి అర్జీ రాసివ్వాలని ఆయన ఎన్నాళ్ళుగా అనుకుంటున్నాడో! తల్లీ కూతురూ చాప మీద కూర్చున్నారు. ఆయన కంప్యూటర్ పెట్టాడు. తెరుచుకున్న చప్పుడు రాలేదు. గొంతు రాలేదు. ఒక కీ నొక్కాడు, ఇంకోటి నొక్కాడు. ఏమీ లేదు. అమ్మ చెప్పిన దాని ప్రకారం గంటసేపు అలా కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి "కాసింత ఆగమ్మా, మెషీను చాలూ అవుతంది" అన్నాడు, మొదలవుతోంది అని. చొక్కా వెనక చెమటతో తడిసి అంటుకుపోయిందట. ఆఖరికి గౌరమ్మ కూతురే అంది, కోర్టు దగ్గర టైపు చేసేవాళ్ళున్నారు, వెళ్ళి చేయించుకుంటాం తాతగారూ అని. గౌరమ్మ మాత్రం లేస్తూ, "మీరు కొట్టిన కాయితానికి పవరు వేరే ఉంటాది బాబూ. టైము లేకపోయింది గానీ" అందట. ఆమె మంచి మనసుతో అన్న ఆ మాటే ఆయనకు ఎక్కువ తగిలిందని అమ్మ అంటుంది.

సాయంత్రం నేను కాళ్ళకు ఇసుకతో ఇంటికొచ్చేసరికి ఆయన వరండాలో ఉన్నాడు. అమ్మ నన్ను వంటింట్లోకి లాగి అంతా చెప్పింది. నేను కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద, ప్రింటరు వెనక, నా హెడ్‌ఫోన్లు పడి ఉన్నాయి. వాటి వైరు ఇంకా కంప్యూటర్‌కే ఉంది. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా గొంతు వినిపించింది. ఆయన పెట్టినప్పటి నుంచీ అది మాట్లాడుతూనే ఉంది. ఆయన నొక్కిన ప్రతి కీనీ ఆ బల్ల మీద దానిలో అదే చదువుకుంది.

వైరు లాగేశాను. ఇంతే సంగతి అని చెప్పడానికి వరండాలోకి వెళ్ళాను. "పెదనాన్నా, బాగానే ఉంది, నేనే హెడ్‌ఫోన్లు తీయడం మరిచిపోయాను" అన్నాను. నిజానికి ఆ వైరు సంగతి ఆయనకు తెలియనిది కాదు. దొర ఉన్న రోజుల్లో ఒకసారి తమ్ముడు ఇలాగే వదిలేస్తే, ఆయనే బల్ల వెనక తడిమి వైరు పీకి, వాణ్ణి కేకలేశాడు. అప్పుడు మాట్లాడాల్సినది మాట్లాడడం లేదని ఆయనకు ఖాయంగా తెలుసు. ఈసారి ఏది ఉండాలో ఏది ఉండకూడదో తెలియని కొత్త సిస్టమ్ ముందు కూర్చున్నాడు. ఇది ఇంతేనేమో అనుకున్నాడు. రెండేళ్ళుగా నేను ఆయనకు నేర్పింది అదే.

"పాతదే మళ్ళీ వేసేస్తాను. దొర ఉన్నది. రేపే వేస్తాను" అన్నాను.

ఆయన నా తల తడిమి చెయ్యి పెట్టాడు. "వద్దమ్మలూ. నువ్వేటి చేసీసావని? నాకే ఓపిక లేదు." చెయ్యి తీయకుండానే, "గుడ్డోడికి నెలకో ఇల్లు మార్చీస్తే ఎక్కడని తడుంకుంటాడే" అన్నాడు. గుడ్డోడు అన్న మాట ఆయన తన గురించి తాను వాడడం నేను విన్నది ఆ ఒక్కసారే. అందులో కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు.

మర్నాడు నేను మొదటి సీడీ వెతికి, మొదట ఎలా ఉందో అచ్చు అలాగే పెట్టాను. దొర జలుబు గొంతుతో మళ్ళీ పలికాడు. కిందికి రెండు, కుడికి ఒకటి, కిందికి మూడు. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. పెదనాన్న వచ్చి కూర్చోలేదు. వేళ్ళు నొప్పిగా ఉన్నాయన్నాడు. వారం తర్వాతా అదే అన్నాడు. నేను రెండుమూడుసార్లు పిలిచి, పరీక్షలొచ్చి, మానేశాను. గౌరమ్మ కూతురికి ఉద్యోగం వచ్చింది. కోర్టు దగ్గర టైపు చేయించిన ఆ మామూలు కాగితంతోనే వచ్చింది. ఆమె స్వీటు పెట్టె పట్టుకొచ్చి పెదనాన్న కాళ్ళకు దండం పెట్టింది. ఆయన నిజంగానే సంతోషించాడు. ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. అందుకే ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ పెద్దగా తలుచుకోరు.

నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొన్నేళ్ళకు, తెలుగు చదివే గొంతు నిజంగానే వచ్చింది. నేను వెతికిన ఉచిత సిస్టమ్‌లలోనే, ఎవరో ఓపికగా తయారుచేసి పెట్టారు. సెలవుకు లాప్‌టాప్ తీసుకెళ్ళి, ఆయన పక్కన పెట్టి, ఒక పేజీ చదివించాను. శ్రద్ధగా విన్నాడు. "బాగుంది. ఒత్తులు కూడా పలుకుతంది" అన్నాడు. ఆ తర్వాత వాడి చూస్తారా అని నేను అడగలేదు, వాడతానని ఆయనా అనలేదు. ఇప్పుడు అమ్మ ఫోను తెలుగులో మాట్లాడుతుంది. తమ్ముడు పంపిన కబుర్లు అది చక్కగా చదువుతుంటే అమ్మ చిక్కుళ్ళ ఈనెలు తీసుకుంటూ వింటుంది. ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడి ఎవరొచ్చారని అడగరు. ఎవరి ఫోను వారి చేతిలో, ఎవరి గొంతు వారి చెవిలో. ఒకరు ఇంకొకరి పక్కన మోడా వేసుకుని కూర్చుని నేర్పాల్సిన అవసరం ఎక్కడా మిగల్లేదు. ఆ పాతవే మంచి రోజులని నేను అనను. ఇప్పుడు పెదనాన్నలాంటి మనిషికి ఎవరి దయా అక్కర్లేకుండా పని జరుగుతుంది, అది గొప్ప సంగతే. కానీ నేను కోల్పోయింది ఏమిటో నాకు చెప్పింది ఆ మెషీన్లేవీ కాదు.

పెదనాన్న చనిపోయిన ఏడాది, వానలు మొదలవకముందు, నేను మూడు రోజులు రాయ్‌పూర్‌లో ఉన్నాను. ఆయన బాగా చిక్కిపోయాడు. వెళ్ళే రోజు మధ్యాహ్నం, అమ్మ పక్కింటికి వెళితే, ఇద్దరమే ఉన్నాం. అన్నేళ్ళూ అడగాలని ఉండి అడగనిది అడిగాను.

"పెదనాన్నా, అప్పట్లో అన్నిసార్లు మార్చాను కదా. మొదట్లోనే వద్దని ఎందుకు చెప్పలేదు? ఒక్కమాట అంటే ఆపేసేదాన్ని."

ఆయన తలగడ తడిమి సరిచేసుకున్నాడు.

"కొత్తది పెట్టినప్పుడల్లా నాలుగు రోజులు వచ్చి నా పక్కన కూకునీదానివి" అన్నాడు. "కాలేజీ సంగతులన్నీ చెప్పీదానివి. పాతదే ఉంచీమంటే, అది నాకు వచ్చీసింది కదా, ఇంకెందుకొస్తావు?"

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన కంప్యూటర్ ముందు కుర్చీ వదిలేశాక మేమిద్దరం అలా కూర్చున్న సాయంత్రాలు ఎన్ని అని గుర్తు చేసుకోబోయాను. వెళ్ళినప్పుడల్లా పలకరించేదాన్ని, పళ్ళు తెచ్చేదాన్ని, మందులు కనుక్కునేదాన్ని. కూర్చున్నది మాత్రం గుర్తుకు రాలేదు.

"బండి ఎన్నింటికే?" అని అడిగాడు.

"ఇంకా రెండు గంటలుంది."

"అయితే కూకో" అన్నాడు.

కూర్చున్నాను. ఆయన నా వైపు మొహం తిప్పి, ఏదైనా చెబుతానేమోనని ఎదురుచూశాడు. నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు.